మాట వచ్చేదాకా ఆగిన మనిషి

మొన్న గురువారం పొద్దున్నే గన్నవరం నుంచి ఫోను వచ్చింది. మా అమ్మాయి ఎత్తి, రెండు మాటలు విని, నా చేతికి ఇవ్వకుండానే పెట్టేసింది. అప్పుడే నాకు తెలిసిపోయింది. ఫోనత్తయ్య తెల్లవారుతుండగా పోయిందట.

ఫోనత్తయ్య నాకు చుట్టం కాదు. నా చిన్నప్పుడు భవానీపురంలో మా పాకకి ఎదురుగా ఉన్న పెంకుటింట్లో అద్దెకుండేది. విజయవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఊరికీ ఊరికీ మధ్య ట్రంకు కాల్స్ కలిపే ఆపరేటరు. మేము కృష్ణలో చేపలు పట్టి అమ్ముకునేవాళ్ళం, ఆవిడ ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. ఈ వరస ఎవరు కలిపారో గుర్తులేదు. వీధిలో పిల్లలందరికీ ఆవిడ ఫోనత్తయ్యే.

సమాధి చేసి వచ్చాక ఇంటి ముందు షామియానా కింద ప్రార్థన కూడిక పెట్టారు. పాస్టరుగారు, "ఆమెను ఎరిగినవాళ్ళు రెండు మాటలు చెప్పండి" అన్నారు. నేను లేచాను. మైకు ఇచ్చారు. ముందు ఆవిడ పేరు చెప్పి మొదలుపెట్టాలి కదా. ఆ పేరు రాలేదు. యాభై ఏళ్ళుగా ఎరిగిన మనిషి, ముఖం కళ్ళముందుంది, గొంతు చెవిలో ఉంది, పేరు మాత్రం ఎక్కడో నక్కి కూర్చుంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పాస్టరుగారు మంచివాడు. మెల్లగా మైకు తీసుకుని, "దుఃఖంలో మాట రావడం లేదు, కూర్చోండమ్మా" అన్నారు. అందరూ నావంక జాలిగా చూశారు.

దుఃఖం లేదనను. కాని మాట రాకపోవడం దుఃఖం వల్ల కాదు. నాకు అన్ని రోజులూ అంతే. ఈ సంగతి పూర్తిగా ఎరిగిన మనిషి ఒక్కతే, ఆవిడ అప్పటికే మట్టికింద ఉంది.

అందుకే ఇంట్లో కూర్చుని చెబుతున్నాను, మా అమ్మాయి రాస్తోంది. నాకు చదవడం, రాయడం అంతంతమాత్రం. మాట దొరకనప్పుడల్లా కలం పట్టుకుని ఆగుతోంది, పాపం. పైన "షామియానా" అన్న మాటకి టీ చల్లారిపోయింది. ఫోనత్తయ్యకు నేను చెప్పవలసిన సమాధానం ఒకటి ఉండేది. బతికుండగా చెప్పలేకపోయాను. ఈ నాలుగు పేజీలూ దాని కోసమే.

డెబ్భైల నడిమి సంగతి ఇది. పెద్దవాళ్ళు ఎమర్జెన్సీ గురించి గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్న రోజులు. నాకు పదేళ్ళు. మున్సిపల్ స్కూల్లో మూడో తరగతి, రెండోసారి. పుస్తకం తెరిస్తే ఏ అక్షరం ఏదో పోల్చుకునేలోపల పక్కపిల్ల పేజీ తిప్పేసేది. అది సరే, చదువు రాని పిల్లలు మా వీధిలోనే పదిమంది ఉన్నారు. నా బాధ దాంతో ఆగలేదు. బాగా తెలిసిన వస్తువు చూపించి పేరు చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని. అద్దం అనబోయి దువ్వెన అనేదాన్ని. చాట తెమ్మంటే చాటే తెచ్చేదాన్ని. చేతిలో ఏముందే అంటే, "అదే, బియ్యం... ఇలా ఇలా..." అని గాలిలో చెరిగి చూపించేదాన్ని. పిల్లలు నాకు "అదే" అని పేరు పెట్టారు. నేను వీధిలోకి వస్తే చాలు, "అదే వచ్చింది" అని నవ్వేవాళ్ళు.

అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చేపలమ్మేది. సెలవుల్లో నన్నూ తీసుకెళ్ళేది. ఒకరోజు ఒకావిడ గంపలోకి వంగి, "ఇదేం చేపే?" అని నన్నడిగింది. వాలుగ. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్న చేప. నా నోటికి "జెల్ల" అని వచ్చింది. ఆవిడ అమ్మ వంక అదోలా చూసింది. "ఒకటి చూపించి ఇంకోటి చెప్పడం పిల్లకి కూడా నేర్పావన్నమాట" అంది. అమ్మ గంప ఎత్తుకుంది. ఇంటికొచ్చాక నన్ను కొట్టలేదు. గుమ్మంలో కూలబడి, "చదువుకీ పనికిరావు, గంపకీ పనికిరావు. నిన్నేం చెయ్యనే?" అంది. కొట్టినా బాగుండేది.

నాయనమ్మ దీనికి కారణం కనిపెట్టింది. పసిబిడ్డలకి వసకొమ్ము తేనెలో అరగదీసి నాలుక్కి రాస్తారు కదా, మాటలు బాగా వస్తాయని. నాకు ఆ రోజుల్లో ఎవరూ రాయలేదట. "వస పొయ్యలేదు, ఇప్పుడనుభవించు" అని అమ్మని సాధించేది. అమ్మకి ఆ మాట మనసులో పడింది. పసితనంలో తప్పిపోయింది ఇప్పుడు పోస్తే సరిపోతుందనుకుంది. అయితే పదేళ్ళ పిల్లకి గోరంత ఏం చాలుతుందని సగం కొమ్ము అరగదీసి, గిన్నెడు కలిపి తాగించింది. ఇక వాంతులు. మధ్యాహ్నం మొదలైనవి సాయంత్రానికీ తగ్గలేదు. ఆ చప్పుడుకి ఎదురింటి నుంచి ఫోనత్తయ్య వచ్చింది.

డ్యూటీ నుంచి అప్పుడే దిగినట్టుంది, చేతిసంచీ ఇంకా భుజానే ఉంది.

"ఏం పెట్టావమ్మా పిల్లకి?"

"వసండీ. దీనికి మాట రాదండీ."

"రాకపోవడమేంటి? నిన్న మా అరుగు మీద కూర్చుని అరగంట కబుర్లు చెప్పింది."

"కబుర్లు చెబుతుందండీ. పేర్లు అడిగితేనే నోరు పడిపోద్ది."

ఆవిడ నాకు మజ్జిగ పట్టించి, పక్కన కూర్చుంది. మూల ఉన్న కిరసనాయిలు దీపం చూపించి అదేమిటని అడిగింది. నేను వెతుక్కున్నాను. అమ్మ అలవాటుగా మాట అందించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నేను "వెలుగు... గాజు... మసి తుడుస్తాం" అన్నాను. ఆవిడ ఊఁ కొడుతూ కూర్చుంది. అమ్మ పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి వచ్చింది. అప్పుడు వచ్చింది నాకు మాట. "దీపం." ఆవిడ నన్ను మెచ్చుకోలేదు. అమ్మ వైపు తిరిగింది.

"నా ఉద్యోగం ఇదేనమ్మా. బందరు నుంచి ఒకాయన ఫోన్ చేసి, కూచిపూడిలో ఫలానా మనిషి కావాలంటాడు. ఆ మనిషింట్లో ఫోనుండదు, పక్క కొట్లో ఉంటుంది. కొట్టువాళ్ళు వెళ్ళి పిలుచుకురావాలి. అందాకా నేను లైను పట్టుకుని ఉండాలి. మనిషి ఊళ్ళో లేడనుకుని తీసేశాననుకో, తప్పు నాది. నీ కూతురికి మాట ఊళ్ళోనే ఉంది. పిలుచుకురావడానికి టైం పడుతోంది, అంతే."

అమ్మకి ఎంత అర్థమైందో తెలియదు. నాకు మాత్రం బాగా అర్థమైంది. అప్పటిదాకా నా తలలో ఏమీ లేదనే నేనూ అనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి సాయంత్రాలు ఆవిడ అరుగు మీదే గడిపేదాన్ని. పలకా లేదు, పుస్తకమూ లేదు. ఏదో ఒక వస్తువు ముందు పెట్టేది. నాకు పేరు రాకపోతే, నంబరు తెలియని వాళ్ళని ఆరా తీసినట్టే అడిగేది. ఎక్కడుంటుంది? ఏం పని చేస్తుంది? దాని పక్కన ఎవరుంటారు? సూదికి ఇల్లు డబ్బా అట, పని కుట్టడమట, పక్కింట్లో దారమట. అలా వీధులు తిరిగి తిరిగి మాట దగ్గరికి చేరేవాళ్ళం. కొన్ని రోజులు అసలు చేరేవాళ్ళం కాదు. అప్పుడు, "ఇవాళ లైన్లు బాలేవు, రేపు చూద్దాం" అని లేచి వంట చేసుకునేది.

ఆవిడ ముద్దులు చేసే మనిషి కాదు. నవ్వడం కూడా తక్కువే. రోజంతా చెవికి బిగించుకునే తొడుగు వల్ల ఒక చెవి ఎప్పుడూ ఎర్రగా ఉండేది, ఇంటికి రాగానే దానికి కొబ్బరినూనె రాసుకునేది. రేడియో పడేది కాదు. ఎవరైనా తలుపు కొడితే పరధ్యానంగా "ట్రంక్స్" అని పలికేది, మేము అది వినడానికే తలుపు కొట్టి పారిపోయేవాళ్ళం. మాట్లాడే ఉద్యోగం చేసే మనిషికి ఇంట్లో మాట ఖర్చు ఎందుకనుకునేదేమో. "తొందరపెడితే వచ్చేవాడు కూడా గుమ్మంలోంచే వెనక్కిపోతాడే" అనేది. నేను ఏడిస్తే ఓదార్చేది కాదు, ఏడుపు అయ్యేదాకా ఆగేది.

ఆ ఏడు వేసవి సెలవుల ముందు హెడ్మాస్టరు కబురు పంపాడు. పిల్ల రెండేళ్ళుగా మూడులోనే ఉంది, తీసుకెళ్ళిపొమ్మని. అమ్మకి అదీ ఒకందుకు మంచిదే అనిపించింది. ఫోనత్తయ్య ఒప్పుకోలేదు. డ్యూటీ ఎవరితోనో మార్చుకుని, అమ్మనీ నన్నూ వెంటపెట్టుకుని బడికి వచ్చింది.

హెడ్మాస్టరు చెడ్డవాడేమీ కాదు. చొక్కా నిండా సుద్దపొడి, కళ్ళకింద నలుపు. క్లాసుకి అరవైమంది.

"ఈ పిల్లకి తెలివి లేక కాదు మాస్టారూ, మాట ఆలస్యంగా వస్తుంది. అడిగి కొంచెం ఆగి చూడండి" అంది ఫోనత్తయ్య.

"ఆగుతూ కూర్చుంటే నాకు బడి ఎలా నడుస్తుందమ్మా?" అన్నాడు కాని, లేచి గోడమీది బొమ్మల పటం దగ్గరికి తీసుకెళ్ళాడు. నాలుగు చెబితే నాలుగులో కూర్చోబెడతానన్నాడు.

ఏనుగు చెప్పాను. చెంబు చెప్పాను. మూడోది తక్కెడ. మా ఇంట్లో అదే తిండి పెడుతుంది, రోజూ దాన్ని కడిగేది నేనే. పేరు రాలేదు.

"చేపలు... అటూ ఇటూ రెండు పళ్ళేలు... అమ్మ ఇలా పైకెత్తి..."

"పేరు చెప్పవే" అన్నాడు.

ఫోనత్తయ్య "అది ఎక్కడుంటుంది?" అని మొదలుపెట్టబోయింది. ఆయన "మీరు మాట్లాడకండి" అన్నాడు. ఆవిడ నోరు మూసుకుంది. నేను పటం వైపే చూస్తున్నాను. లోపల ఎవరో నడిచి వస్తున్న సంగతి తెలుస్తోంది. మొదటి అక్షరం నాలుక మీదికి వచ్చింది కూడా. అప్పుడే ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి, ఎదురుగా తెరిచి ఉన్న రిజిస్టరు మీద చెయ్యి వేశాడు. మూసేస్తాడనుకుంది ఫోనత్తయ్య. భయపడింది. ఆవిడ భయపడగా నేను చూసింది ఆ ఒక్కసారే.

"తక్కెడ. తక్కెడ అనవే" అంది.

ఆయన రిజిస్టరు మూసి, "చూశారుగా, అన్నీ నోట్లో పెట్టాలి. ఇంక తీసుకెళ్ళండమ్మా" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. అమ్మ ఆయనకి నమస్కారం పెట్టింది. నా చదువు అంతటితో అయిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు కాలవ వంతెన మీద ఫోనత్తయ్య ఆగింది. అమ్మ ముందు నడుస్తోంది. ఆవిడ నావైపు వంగి, "ఇంకొక్క నిమిషం నేను ఆగి ఉంటే చెప్పేదానివా?" అని అడిగింది.

నేను తల ఊపాను.

అబద్ధం చెప్పలేదు. నిజంగానే చెప్పేదాన్ని. కాని ఇప్పటికీ ఆ తల ఊపడం తలుచుకుంటే నాకు నామీదే అసహ్యం వేస్తుంది. ఆవిడ మొహంలో ఏదో ఆరిపోయింది. పదేళ్ళదాన్ని, నాకు మాటకంటే తల ఊపడం తేలిక, ఊపేశాను. దాని బరువు ఆవిడ మోసింది.

ఆ తరువాత ఫోనత్తయ్య ఎవరికీ మాట అందించలేదు. కొట్టువాడు పేరు మరిచిపోయి తల గోక్కుంటున్నా చూస్తూ నిలబడేది. నేను గంప ఎత్తుకోవడం మొదలుపెట్టాక, రోజూ మొదట ఆవిడ గుమ్మంలోనే దించేదాన్ని. "ఏం చేప తెచ్చావే?" అని అడిగి, మెట్టు మీద నిలబడేది. బొచ్చె అని రావడానికి నాకు ఎంతసేపు పడితే అంతసేపూ అక్కడే. బస్సు వెళ్ళిపోయేది. ఆలస్యంగా వచ్చినందుకు ఆఫీసులో రెండుసార్లు మెమో ఇచ్చారని చాలా ఏళ్ళ తరువాత వేరేవాళ్ళు చెబితే తెలిసింది. ఆవిడ చెప్పలేదు. నేను ఒకటి రెండుసార్లు విసిగిపోయి, "చెప్పేయండి అత్తయ్యా, మీకు తెలుసుగా" అన్నాను. "ఒకసారి చెప్పి చూశానుగా" అంది. ఇక ఎప్పుడూ అడగలేదు.

గంప మోసే బతుకు గంప మోసే బతుకే. అమ్మకానికి ఇళ్ళకి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు కసురుకునేవాళ్ళు. పేరు రాకపోతే మొప్ప ఎత్తి ఎరుపు చూపించి అమ్మడం నేర్చుకున్నాను. పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది. దాన్ని చదివించాను. ఫోనత్తయ్య పెళ్ళి చేసుకోలేదు. ఎక్స్ఛేంజీలో మనిషి లేకుండానే లైన్లు కలిసే రోజులు వచ్చాయి, రిటైరైంది, గన్నవరంలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. నేను నెలకో రెండు నెలలకో బస్సెక్కి వెళ్ళి వచ్చేదాన్ని.

రెండేళ్ళ కిందట మా మనవరాలిని డాక్టరమ్మకి చూపించాం. నా పోలికే వచ్చింది పిల్లకి. అక్షరాలు కుదరవు, తెలిసిన మాట నోటికి అందదు. ఆ డాక్టరమ్మ దీన్ని డిస్లెక్సియా అంటారంది. ఇలాంటి పిల్లల్లో కొందరికి చదవడమే కాదు, మాట దొరకడం కూడా కష్టమవుతుందట. మాట తెలియక కాదు, లోపల ఉన్నదాన్ని సమయానికి బయటికి తీసుకోలేక. "తొందరపెట్టకండి, అందించకండి, ఆ వస్తువు గురించి అడుగుతూ ఉండండి" అని చెప్పింది. నేను అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చాను. పిల్ల గురించని అందరూ అనుకున్నారు.

ఆ వారమే వెళ్ళి ఫోనత్తయ్యకు చెప్పాను. ఆ పేరు పలకడానికి నాకు దారంతా పట్టింది, చీటీ మీద రాయించుకుని వెళ్ళాను. ఆవిడ చీటీ చదివి, "ఇన్నాళ్ళూ పేరు తెలియకుండానే దీంతో వేగామన్నమాట" అని నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "ఆ మాస్టారికి ఈ చీటీ చూపించి ఉంటే వినేవాడేమో. నేనేమో కంగారుపడి చెడగొట్టాను" అంది. అప్పటికి యాభై ఏళ్ళు కావస్తోంది. ఆవిడ ఇంకా ఆ గదిలోనే ఉందని నాకు ఆరోజు తెలిసింది.

అప్పటి నుంచి ఒక సమాధానం తయారుచేసుకుంటూ వచ్చాను. గంప పక్కన పెట్టుకుని, స్టవ్ ముందు, బస్సులో, ఎక్కడ పడితే అక్కడ. ఆ మాస్టారు నన్ను పటం దగ్గరికి పిలిచేముందే నా పేరు కొట్టేశాడు అత్తయ్యా. రిజిస్టరు మీ ఎదురుగానే తెరిచి ఉంది, మీరు నన్ను చూస్తూ అది చూడలేదు. అక్షరాలు చదవలేనిదాన్ని, రెండేళ్ళుగా చూసిన నా పేరు రూపు ఒక్కటి పోల్చుకోగలను, ఆ వరస మీద ఎర్రగీత చూశాను. నాలుగూ చెప్పినా ఐదోది అడిగేవాడు. మీవల్ల కాదు. ఇంతే చెప్పాలి. వంతెన మీదే చెప్పవలసింది, తల ఊపి ఊరుకున్నాను.

మొన్న బుధవారం సాయంత్రం, ఒంట్లో బాలేదంటే వెళ్ళాను. మంచం మీద చిక్కి సగమై ఉంది. ఆవిడ మరదలు దిండు సర్ది వెళ్ళింది. ఫోనత్తయ్య తనే అడిగింది.

"ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే నువ్వు చదువుకునేదానివి కదే?"

తల అడ్డంగా ఊపితే సరిపోయేది. ఊపలేదు. ఒకసారి తల ఊపి ఆవిడను ఇన్నేళ్ళు ఏడిపించాను, ఈసారి మాటతోనే చెప్పాలని మొండికేశాను. "ఆయన... ముందే... ఎర్రగా..." అన్నాను. అంతే. పుస్తకం అనీ రాలేదు, రిజిస్టరు అనీ రాలేదు, గీత అనీ రాలేదు. రెండేళ్ళుగా వల్లెవేసుకున్నదంతా ఎటుపోయిందో తెలియదు. చేత్తో గాలిలో గీసి చూపించాను. ఆవిడకి అర్థం కాలేదు.

"తొందరేం లేదు, చెప్పు" అంది.

చాలాసేపు అలా కూర్చున్నాం. బయట వెలుగు తగ్గింది. మరదలు వచ్చి, "ఆవిడ అలిసిపోయింది, రేపు రండమ్మా" అంది. ఫోనత్తయ్య వేళ్ళు ఎత్తి, ఆగమన్నట్టు మరదలికి సైగ చేసింది. ఇంకొంచెంసేపు ఆగింది. నాకు రాలేదు. "రేపొచ్చి చెబుతాను అత్తయ్యా" అని లేచాను.

బస్సు నిడమానూరు దాటాక వచ్చింది మాట. ఒక్కటి కాదు, అన్నీ వరసగా వచ్చాయి. కిటికీ వైపు తిరిగి పైకే చెప్పుకున్నాను. పక్క సీటావిడ నన్ను చూసి కొంచెం జరిగి కూర్చుంది. ఫోను చేసి చెప్పవచ్చునని తోచకపోలేదు. పొద్దున్నే వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాను.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే శవపేటికా పూలూ గుర్తుకు రావడం లేదు. బుధవారం సాయంత్రం ఆ గది గడప దాటబోతూ వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ దిండు మీద తల నావైపు తిప్పుకుని, రెప్ప వేయకుండా చూస్తోంది. నేను ఏదో చెప్పబోతున్నాననుకుని ఇంకా ఆగే ఉంది.